మైకులో చెప్పిన రెండంగుళాలు

అత్తగారు ఆ కోటు విప్పనంటే విప్పనని కూర్చుంది.

అది నర్సు కోటు. పొద్దున్నే ఆసుపత్రి వ్యాను వచ్చి, నిన్న పంపిన కోట్లన్నీ మూటలుగా వాకిట్లో దింపేసి వెళ్ళిపోయింది. ఏమంత వదులుగా ఉన్నాయో చూద్దామని ఆవిడ ఒకటి తొడుక్కుంది. గుండీలు పెట్టుకుని, రెండు చేతులూ జేబుల్లో దోపి, "మీ మామగారే ఉంటే ఇందులో ఇద్దరం పట్టేవాళ్ళం" అంది. ముందుగదిలో మిషన్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళకు నవ్వొచ్చింది గానీ నవ్వే ధైర్యం రాలేదు.

సెలవు రోజైనా పని ఉంటుందని వాళ్ళను పిలిపించింది కోడలే. వచ్చాక పని లేదు. మిషన్లన్నీ నోరు మూసుకున్నాయి.

కోడలు మాత్రం కటింగ్ బల్ల మీద కోట్లు పరిచి, చెక్క స్కేలుతో ఒక్కోటీ కొలుస్తోంది. ఈ ఇంట్లో గుడ్డ కోసేది ఆమె. అందుకే పనివాళ్ళందరూ ఆమెను కత్తెరమ్మ అంటారు. ముందు చాటుగా అనేవాళ్ళు. ఆమె కోప్పడకపోయేసరికి ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆ పేరునే ఇంటి ముందున్న షాపు బోర్డు మీదా రాయించుకుంది.

మొదటి కోటు కాగితంలోని అంకె కన్నా రెండంగుళాలు ఎక్కువ. రెండోది రెండంగుళాలు ఎక్కువ. ఛాతీ దగ్గరా, నడుం దగ్గరా, పిరుదుల దగ్గరా, ప్రతిదీ సరిగ్గా రెండంగుళాలే. చెయ్యి జారితే ఒకటి వదులవుతుంది, ఒకటి బిగుతవుతుంది. ఇన్ని కోట్లు ఒకే తప్పును ఇంత క్రమశిక్షణగా చెయ్యవు.

నాలుగో కోటు దగ్గర ఆమె స్కేలు కింద పెట్టేసింది. ఆ రెండంగుళాల సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. కనీసం మొన్నటి మీటింగు దాకా.

సంగతేమిటంటే, ఈ షాపులో కొలతలు తీసేది వదిన, అంటే బడిలో లెక్కలు చెప్పే ఆమె భర్త, మాస్టారి అక్క. మెడలో టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్ళు లేరు. అందరికీ ఆవిడ టేపక్క. మనిషి నడుం చుట్టూ టేపు తిప్పి, అక్కడ నలభై కనిపిస్తే పైకి ముప్పై ఎనిమిది అని చెబుతుంది. కత్తెరమ్మ ముప్పై ఎనిమిదని రాసుకుని నలభైకి కోస్తుంది. కొలతలిచ్చినావిడ పక్కవాళ్ళ ముందు తల దించుకోనక్కర్లేకుండా నవ్వుతూ ఇంటికి పోతుంది. బట్ట వంటికి అతికినట్టు కుదురుతుంది. షాపు మొదలైన రోజు నుంచీ ఇదే పద్ధతి. ఒకరు తగ్గిస్తారు, ఒకరు కలుపుతారు, మాట పైకి రాదు.

ఈసారి టేపక్క తగ్గించలేదు. తగ్గించలేదని చెప్పనూ లేదు. కత్తెరమ్మ చెయ్యి అలవాటు కొద్దీ కలుపుకుంటూ పోయింది.

"అది ఈ గడప తొక్కి ఎన్నాళ్ళయిందో చూసుకున్నావా?" అంది అత్తగారు జేబుల్లోంచి చేతులు తియ్యకుండానే. "కొలతలు ఆసుపత్రికే పోయి తీసింది. ఆ కాగితం తమ్ముడి చేత పంపింది. నీ మీటింగు నాటి నుంచీ అంతే. అక్కడ మైకు ముందు ఏం మాట్లాడావో ఏమో గానీ, ఆ రోజు దాని మొహం చూస్తే నాకే భయమేసింది."

"మంచే చెప్పానత్తయ్యా."

"చెప్పేవాళ్ళందరూ మంచే చెబుతారమ్మా. వినేవాళ్ళకే తెలుస్తుంది."

మాస్టారు ఇంట్లో ఉంటే ఏమైనా అడిగేదే. మూటలు దిగుతున్నప్పుడు ఆయన కాఫీ తాగుతున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. గ్లాసు కడిగి బోర్లించి, స్పెషల్ క్లాసుందని చొక్కా వేసుకున్నాడు. సెలవు రోజు కూడా పిల్లల్ని లెక్కలతో చంపుతావేంట్రా అని తల్లి అడిగితే నవ్వాడు. గుమ్మం దాటుతూ మాత్రం భార్యతో, "అక్కను ఇప్పుడేం అడక్కు. పెద్దది. నాలుగు రోజులు పోతే తనే వస్తుంది" అన్నాడు.

నాలుగు రోజులు ఎవరిస్తారు? హెడ్ నర్సు అప్పటికే ఫోను చేసింది. కొత్త వార్డు తెరవబోతున్నారట. పెద్ద డాక్టరు ముందు నర్సులు ఆ కోట్లు తొడుక్కుని నిలబడితే, దండెం మీద ఆరేసినట్టున్నారని ఆయన నవ్వాడట. సాయంత్రంలోగా మళ్ళీ కొలతలు తీసుకోవడానికి మనిషి రావాలి, లేకపోతే ఇంకో షాపుకు ఇచ్చేస్తామని చెప్పింది. ఫోను పెట్టేసే ముందు ఇంకో మాట కూడా అంది. ఎవరో ఒకరు వస్తే కుదరదు, ఆ పెద్దావిడే రావాలి, మా నర్సు పిల్లలు ఇంకొకళ్ళ చేత కొలిపించుకోం అంటున్నారు అని.

ఆ ఆసుపత్రి పనిని నమ్ముకునే కత్తెరమ్మ కొత్త మిషన్లు కొన్నది. వాటి ముందు కూర్చున్న వాళ్ళను పనిలోకి తీసుకున్నదీ అందుకే. ఆ పని పోతే రేపు వాళ్ళను రావద్దని చెప్పాలి. చెప్పాల్సింది ఆమే.

చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది.

* * *

వదిన ఇల్లు రెండు వీధుల అవతల. టైర్లకు గాలి కొట్టే షాపు దాటి, బడి గోడ వెంట నడిచి, మలుపు తిరిగితే వచ్చే మొదటి ఇల్లే. దారి పొడుగునా కత్తెరమ్మ మాటలు పేర్చుకుంటూ నడిచింది. ఎలా పేర్చినా చివరికి ఒకటే మిగిలింది. మీరు కూడానా వదినా?

ఆమెకు కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది. శత్రువు చేస్తే తిట్టుకుని ఊరుకోవచ్చు. మొదటి మిషను కొన్నప్పుడు దాన్ని భుజం మీద మోసుకొచ్చిన మనిషి ఈ వదిన. వ్యాపారం గురించి కత్తెరమ్మకు తెలిసిన మంచి మాటల్లో సగం ఆవిడ నోటి నుంచి వచ్చినవే. ధర చెప్పేటప్పుడు నేల చూపులు చూడకే. గుడ్డ బాగోలేదంటే వెనక్కి తీసుకో, మాట బాగోలేదంటే మాత్రం తీసుకోకు. వంటింట్లో పాలు పొంగుతున్నాయని బేరం మధ్యలో లేవకు. పాలదేముంది, ఇంకో లీటరు కొనుక్కోవచ్చు.

తలుపు తీసే ఉంది. వదిన ముందుగదిలో కూరగాయలు తరుగుతోంది. మెడలో టేపు ఉంది. ఇల్లంతా కొత్త వార్నీషు వాసన. కత్తెరమ్మ ముక్కు చిట్లించింది.

"తలుపులకు రంగు వేయించాం" అంది వదిన, అడక్కుండానే. "కూర్చో. మీ అన్నయ్యకు ఇవాళ బస్సు డ్యూటీ. మధ్యాహ్నానికి గానీ రారు."

కత్తెరమ్మ కూర్చోలేదు.

"కోట్లన్నీ తిరిగొచ్చాయి వదినా."

"తెలుసు."

ఎలా తెలుసని అడగాలని అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది.

"ఎందుకు చేశారు?"

"ఏం చేశాను? టేపులో ఉన్నది రాశాను. ఉన్నది ఉన్నట్టు రాయడం కూడా తప్పేనా?"

"నాకొక మాట చెప్పి ఉండొచ్చు కదా."

వదిన కత్తిపీట పక్కకు జరిపింది. "నువ్వు నాకు చెప్పావా, మైకులో చెప్పే ముందు?"

గిన్నెలో నీళ్ళు ఉండుండి బుడుంగుమంటున్నాయి. వదిన తరిగిన ముక్కలు ఒక్కొక్కటే అందులోకి వదులుతోంది.

కొన్ని వారాల కిందటి ఆ మీటింగు మహిళా వ్యాపారుల సంఘం పెట్టింది. వ్యాపారంలో పైకి రావాలనుకునే ఆడవాళ్ళకు సలహాలివ్వమని కత్తెరమ్మను పిలిచారు. ధర గురించి చెప్పింది, పాల గురించి చెప్పింది. ఇంటివాళ్ళను వెంట పెట్టుకుని నడవండి, ఇల్లు మన వైపుంటే వీపు చూసుకోనక్కర్లేదు అని కూడా చెప్పింది. హాల్లో ఆడవాళ్ళు చేతిలోని కాగితాలతో విసురుకుంటున్నారు. వెనక వరసలో ఒకావిడ బాహాటంగా ఆవలించింది. అప్పుడు కత్తెరమ్మకు రెండంగుళాల సంగతి గుర్తొచ్చింది.

చెప్పింది. హాలు నవ్వింది. నవ్వు రుచి మరిగితే మైకు వదలడం కష్టం. పొట్ట లోపలికి పీల్చి, ఊపిరి బిగబట్టి, కొలతలిచ్చే ఆడవాళ్ళు ఎలా నిలబడతారో చేసి చూపించింది. ఇది ఎలా మొదలుపెట్టానో తెలుసా అంటూ, చిన్నప్పుడు దర్జీ షాపులో అవమానం పడ్డ ఒక లావుపాటి పిల్ల కథ కూడా చెప్పేసింది. చప్పట్లు మోగాయి. మూడో వరసలో కూర్చున్న వదిన కొట్టలేదు. పక్కనే ఉన్న, కత్తెరమ్మ పిలిస్తే వచ్చిన ఆసుపత్రి నర్సులు మాత్రం చేతులు నొప్పెట్టేలా కొట్టారు.

"ఆసుపత్రిలో మొదటి నర్సు పిల్ల చేతులు పైకెత్తి నిలబడింది" అంది వదిన, గిన్నెలోకే చూస్తూ. "టేపు ఇంకా చుట్టనేలేదు. టేపక్కా, ఆ రెండంగుళాల దానం మాకొద్దు, అసలుదే చెప్పు, మీ మరదలు మైకులో చెప్పేసిందిగా అంది. మిగతావాళ్ళు పడీ పడీ నవ్వారు. ఇన్నేళ్ళూ ఎవరి పరువు పోకుండా కాపాడానో వాళ్ళే నవ్వారు. నేనింక ఏం చెప్పాలి? అసలుదే చెప్పాను."

"నవ్వించడానికి అన్నాను వదినా. మీ పేరు చెప్పలేదు."

"పేరు చెప్పి ఉంటే కనీసం నాదనైనా తెలిసేది."

కత్తెరమ్మ నేల చూపులు చూసింది.

"ఆ దర్జీ నా నడుం కొలత వీధంతా వినేట్టు అరిచాడు. బయట మగపిల్లలు నిలబడి ఉన్నారు. ఆ అంకెనే నాకు పేరుగా పెట్టారు. బడికి పోతుంటే ఆ అంకె, కుళాయి దగ్గర ఆ అంకె. పెళ్ళయి ఈ వీధికొచ్చేదాకా నా పేరు నేను మర్చిపోయాను." వదిన గొంతు వణకలేదు. అందువల్లే వినడం కష్టమైంది. "ఆ మాట నీకొక్కదానికే చెప్పాను. తమ్ముడికి కూడా తెలీదు. నువ్వది మైకులో పెట్టి, ఇది నేనే మొదలుపెట్టానన్నావు."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. పనికొస్తుందని తేలాక, ఆ వైద్యం తనదేనని చెప్పుకోవడం ఇంకా పెద్ద పాపం. ఆ సంగతి కత్తెరమ్మకు అప్పుడు తెలిసింది. ఇంట్లోంచి బయల్దేరినప్పుడు పేర్చుకున్న మాటలన్నీ కూలిపోయాయి. మోసపోయానని నిలదీయడానికి వచ్చిన మనిషి, మోసం చేసినదానిలా నేల మీద కూర్చుంది.

తప్పు నాదేనంది. సాయంత్రం ఆసుపత్రికి ఇద్దరం కలిసి వెళదామంది. అక్కడ నర్సులందరి ముందూ, ఆ పద్ధతి మీదేనని, నేను మీ దగ్గర నేర్చుకున్నానని చెబుతానంది. బోర్డు మీద నా పేరొక్కటే ఉండటం మొదటి నుంచీ తప్పేనని, రేపే దించి రెండు పేర్లూ రాయిస్తానని కూడా అంది. అంటున్నప్పుడు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

వదిన ఆమె తల మీద చెయ్యి వేసింది. ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. మెడలోని టేపు చివరతోనే తుడుచుకుంది.

"పోనీలే" అంది. "లే. మొహం కడుక్కో."

"మీరు వస్తారు కదా సాయంత్రం?"

"చూద్దాం."

"చూద్దాం కాదు వదినా. మీరు కొలిస్తేనే వాళ్ళు ఒప్పుకుంటారు. ఈసారి మీరు ఏ అంకె చెబితే ఆ అంకెకే కోస్తాను."

వదిన నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కళ్ళు గుమ్మం వైపు తిరిగాయి.

వాకిట్లో సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినిపించింది. ఆ స్టాండు చప్పుడు కత్తెరమ్మ నిద్రలో కూడా గుర్తుపడుతుంది. ఏడాదిగా బాగు చేయించమని పోరుతున్నది ఆమే.

"అక్కా, పలకలు కోయించుకొచ్చాను. ఆ లోపలి గది తలుపు తియ్యి, బరువుగా ఉన్నాయి" అంటూ మాస్టారు లోపలికి వచ్చాడు.

భుజం మీద అరలకు పనికొచ్చే చెక్క పలకలు. చొక్కా జేబులో మేకుల పొట్లం. జుట్టు నిండా రంపపు పొట్టు. స్పెషల్ క్లాసులో లెక్కలు చెప్పే మనిషికి రంపపు పొట్టు ఎక్కడిది?

భార్యను చూశాడు. పలకలు భుజం మీదే ఉండిపోయాయి.

కత్తెరమ్మ లేచి లోపలి గది తలుపు తనే తోసింది. వదిన "ఆగవే" అంది గానీ అప్పటికే తలుపు తెరుచుకుంది.

లోపల ఒక కటింగ్ బల్ల ఉంది. కత్తెరమ్మ షాపులో ఉన్నదానికి అచ్చు అలాంటిదే, కాకపోతే వదిన ఎత్తుకు తగ్గట్టు కాస్త పొట్టిది. దాని మీద కొత్త కత్తెర, సుద్ద ముక్కల డబ్బా. మూల రెండు మిషన్లు గుడ్డ కప్పుకుని ఉన్నాయి. గోడకు అరలెక్కడ రావాలో మాస్టారి చేతి గీతలు. నల్లబల్ల మీద గీసినంత తిన్నగా ఉన్నాయి.

కత్తెరమ్మ బల్ల మీద వేలు పెట్టి రుద్దింది. వేలికి దుమ్ము అంటుకుంది. గోడ మీద చెయ్యి పెట్టింది. గోడ రంగు ఎప్పుడో ఆరిపోయి, మూలల్లో సాలీడు గూడు కూడా కట్టింది. ఇవాళ వాసనొస్తున్నది తలుపుల వార్నీషు ఒక్కటే. చివరగా మిగిలిన పని అదన్నమాట.

మీటింగు మొన్న మొన్నటిది. ఈ గది అంతకన్నా పాతది.

అది అర్థమైన క్షణాన కత్తెరమ్మ గోడ మీంచి చెయ్యి తీసేసింది. కోట్లు పాడైనప్పుడు కూడా ఇంత దెబ్బ తగల్లేదు. తన తప్పు తనకుంది, దాన్ని కాదనదు. కానీ ఇందాక నేల మీద కూర్చుని ఏడుస్తుంటే, తల మీద పెట్టిన ఆ చెయ్యి ఈ గదిని దాచిపెట్టిన చెయ్యి. తలుపుకు అటు పక్క ఈ బల్లను పెట్టుకుని, ఇటు పక్క తన చేత తప్పు ఒప్పించుకుంది. చివరికి పోనీలే అని క్షమించింది కూడా.

"నువ్వు అలా మైకులో అనేసరికి నాకు ఇంక..." అని మొదలుపెట్టింది వదిన.

"వదినా." కత్తెరమ్మ గొంతు పెంచలేదు. "ఈ గది ఎప్పటి నుంచి ఉంది? మైకు తర్వాత అని మాత్రం చెప్పకండి. నాకు అసలు కొలత కావాలి. అందులో రెండంగుళాలు తగ్గించకండి."

వదిన మెడలోని టేపును వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

కత్తెరమ్మ చేతిలో ఫోను మోగింది. హెడ్ నర్సు. తెర మీద ఆవిడ పేరు వెలిగి ఆరుతోంది. ఎత్తితే సాయంత్రం ఎవరొస్తారో చెప్పాలి. పెద్దావిడ వస్తుందనాలా, రాదనాలా? వస్తే ఎవరి షాపు తరపున వస్తుంది? ముందుగదిలో మిషన్ల ముందు కూర్చున్న వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే కళ్ళ ముందు తిరిగాయి. ఫోను ఎత్తలేదు.

"చెబుతాను" అంది వదిన చివరికి. "నీ మీద కోపంతో పెట్టింది కాదు ఇది. ఆ కోపం తర్వాత వచ్చింది. అది వచ్చాక ఇది తప్పనిపించడం మానేసింది. అంతకుముందు వరకూ నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు."

"మరి ఎందుకు పెట్టారు?"

"నన్ను కాదు అడగాల్సింది." వదిన కళ్ళెత్తి తమ్ముడి వైపు చూసింది. "నాకు సొంత షాపు పెట్టాలన్న ఆలోచనే లేదు. కత్తెర పట్టుకోవడమే రాదు నాకు. నువ్వు మరీ పైకి పోతున్నావని, ఆసుపత్రి పని సగం ఇటు తిప్పితే నీ కాళ్ళు మళ్ళీ నేల మీద ఆనుతాయని, ఇల్లు ఇల్లులా ఉంటుందని వచ్చి చెప్పిందెవరో వాణ్ణి అడుగు. ఈ బల్ల కొన్నదెవరో అడుగు."

కత్తెరమ్మ భర్త వైపు తిరిగింది. ఇల్లు మన వైపుంటే వీపు చూసుకోనక్కర్లేదని నిండు హాల్లో చెప్పినప్పుడు, మొదటి వరసలో కూర్చుని అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది ఈయనే.

"నిజమేనా?" అంది.

ఫోను మోగి మోగి ఆగింది. మళ్ళీ మొదలైంది.

మాస్టారు భుజం మీది పలకలు ఇంకా దించలేదు. దించితే మాట్లాడాల్సి వస్తుంది.